42 గోల్స్ కొట్టిన జార్డెల్ ఆ తర్వాత ఏమైపోయాడు? అన్ని క్లబ్బులు ఎందుకు మారాడు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "బ్రెజిల్ స్ట్రైకర్ మారియో జార్డెల్ ఒకే సీజన్‌లో 42 లీగ్ గోల్స్ కొట్టాడని ఒకచోట చదివాను. ఇంకోచోట ఇంగ్లాండ్‌లో ఘోరంగా ఫెయిలైన వాళ్ల జాబితాలో అతని పేరే కనిపించింది. తొమ్మిది పది దేశాలు తిరిగాడట. ఇంతకీ అతను నిజంగా గొప్ప స్ట్రైకరా, లేక పోర్చుగల్ లీగ్ బలహీనంగా ఉండబట్టి అన్ని గోల్స్ వచ్చాయా? ఒకచోట ఎందుకు నిలవలేకపోయాడు?"

ముందు సూటిగా చెప్పేస్తాను. గొప్ప స్ట్రైకరే. ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. అతను మారిన క్లబ్బులన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ గందరగోళం వస్తుంది. 2002 వేసవిని మధ్యలో గీతగా పెట్టుకుని చూడండి. దానికి ముందు మారిన క్లబ్బులు, రమ్మని పిలిస్తే వెళ్లినవి. తర్వాత మారినవి, పోయిన ఆట ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ వెళ్లినవి. రెండూ ప్రయాణాలే, కానీ రెండూ ఒకటి కాదు.

నేను ఇరవై రెండేళ్లుగా కుర్రాళ్లకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఎక్కువగా ఫార్వర్డ్‌లతోనే నా పని. హెడర్ (తలతో బంతిని కొట్టడం) ఎలా కొట్టాలో చూపించడానికి జార్డెల్ గోల్స్ ఎన్నిసార్లు వేసి చూశానో లెక్కలేదు. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

జార్డెల్ 1973లో ఈశాన్య బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో పుట్టాడు. అక్కడి ఫెరొవియారియోలో మొదలుపెట్టి రియోలోని వాస్కో ద గామాకు వచ్చాడు. వాస్కోలో నిలదొక్కుకోలేదు. 1995లో లోన్ మీద (కొంతకాలానికి అరువుగా) దక్షిణాన పోర్టో అలెగ్రెలోని గ్రేమియోకు పంపించారు. అక్కడి కోచ్ లూయిజ్ ఫెలిపె స్కొలారి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

స్కొలారి ఆ టీమును జార్డెల్ తల చుట్టూ కట్టాడని చెప్పినా తప్పులేదు. కుడి వైపు నుంచి పరాగ్వే ఆటగాడు ఆర్సె క్రాస్‌లు (మైదానం అంచు నుంచి గోల్ ముందుకు వేసే బంతులు) వేసేవాడు, పక్కన పావులో నూనెస్ పరుగులు పెట్టేవాడు, బాక్సులో (గోల్ ముందు గీతలు గీసిన చోట) జార్డెల్ కాచుకుని ఉండేవాడు. ఆ ఏడాది లిబెర్టడోరెస్ కప్ (దక్షిణ అమెరికా క్లబ్బులకు అదే అన్నిటికన్నా పెద్ద కప్పు) గ్రేమియో గెలిచింది. 12 గోల్స్‌తో టోర్నమెంటులో జార్డెలే టాప్ స్కోరర్. క్వార్టర్ ఫైనల్లో పాల్మెయిరాస్‌ను సొంత మైదానంలో 5-0తో కొట్టారు, అందులో మూడు జార్డెల్‌వి. రెండో మ్యాచ్‌లో పాల్మెయిరాస్ ఐదు కొట్టి దాదాపు తిరగబడింది. కానీ గ్రేమియో అక్కడ ఒక్క గోల్ కొట్టింది. అదీ జార్డెల్‌దే. మొత్తం మీద 6-5. ఆ ఒక్కటీ లేకపోతే ఆ కప్పు చేజారిపోయేదేమో.

1996లో పోర్చుగల్‌లోని పోర్టోకు వెళ్లాడు. ఇక్కడి నుంచి మీ రెండో ప్రశ్నలోకి వస్తున్నాం.

పోర్టోలో నాలుగు సీజన్లు. లీగ్ గోల్స్ వరుసగా 30, 26, 36, 38. మొత్తం 125 మ్యాచ్‌లలో 130. మ్యాచ్‌కు ఒకటి కన్నా ఎక్కువ, అదీ ఒక సీజన్ ఊపులో కాదు, నాలుగేళ్లు విడవకుండా. నాలుగేళ్లూ లీగ్‌లో టాప్ స్కోరర్ అతనే. మొదటి మూడేళ్లూ పోర్టోనే ఛాంపియన్.

"ఆ లీగ్‌లో చిన్న టీములే కదా ఎక్కువ" అంటారు. నిజమే. కానీ ఒక విషయం ఆలోచించండి. చిన్న టీము పోర్టో మీద ఆడేటప్పుడు ఏం చేస్తుంది? పదిమందినీ వెనక్కి లాగి బాక్సు నింపేస్తుంది. వేగంతో గోల్స్ కొట్టే స్ట్రైకర్‌కు అది నరకం, పరిగెత్తడానికి ఖాళీ ఉండదు. జార్డెల్‌కు మాత్రం అదే పుట్టిల్లు. ఎందుకంటే అతనికి పరుగెత్తే ఖాళీ అక్కర్లేదు, ఎగరడానికి ఒక అడుగు జాగా చాలు. ఎడమ నుంచి సెర్బియా ఆటగాడు డ్రులోవిచ్, కుడి నుంచి కపూషో వేస్తూ ఉంటే ఎనిమిదిమంది డిఫెండర్ల మధ్యలోంచి ఒక తల లేచేది. అంటే లీగ్ బలహీనమా, బలమా అని కాదు అడగాల్సింది. ఆ లీగ్‌లో ఆ టీము ఆడే తీరు అతని ఆటకు అతికినట్టు సరిపోయింది. ఈ మాట తర్వాత ఇంగ్లాండ్ క్లబ్ బోల్టన్ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇక పెద్ద టీముల మీద ఆడలేదా అంటే, ఆడాడు. పోర్టోకు వచ్చిన కొత్తలోనే, 1996 సెప్టెంబరులో, సాన్ సిరోలో ఏసీ మిలాన్ మీద బెంచ్ మీద నుంచి దిగి రెండు గోల్స్ కొట్టాడు. 2-1తో వెనకబడిన పోర్టో 3-2తో గెలిచింది. 1999-2000 ఛాంపియన్స్ లీగ్‌లో (యూరప్ క్లబ్బులకు అన్నిటికన్నా పెద్ద పోటీ) పది గోల్స్‌తో రౌల్, రివాల్డోలతో సమానంగా టాప్ స్కోరర్‌గా నిలిచాడు. ఆ ఏడాది క్వార్టర్ ఫైనల్లో బేయర్న్ మ్యూనిక్ చేతిలో పోర్టో ఓడింది, కానీ రెండు మ్యాచ్‌ల్లోనూ పోర్టో గోల్ కొట్టింది జార్డెలే. బేయర్న్ డిఫెన్స్‌ను బలహీనమైనదని ఎవరూ అనలేరు కదా.

లీగ్ బలాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి యూరప్ గోల్డెన్ బూట్‌లోనే (యూరప్ లీగ్‌లన్నిటిలో టాప్ స్కోరర్‌కు ఇచ్చే బహుమతి) ఉంది. ఒక్కో గోల్‌కు లీగ్ స్థాయిని బట్టి పాయింట్లు. 1998-99లో పోర్చుగల్ గోల్‌కు రెండు పాయింట్లు, జార్డెల్ 36 గోల్స్‌కు 72 వచ్చి బూట్ గెలిచాడు. మరుసటి ఏడాది పోర్చుగల్ విలువ ఒకటిన్నరకు పడిపోయింది. అతను 38 కొట్టినా 57 పాయింట్లే. ఇంగ్లాండ్‌లో సండర్లాండ్‌కు ఆడే కెవిన్ ఫిలిప్స్ 30 గోల్స్‌కే 60 పాయింట్లతో గెలిచాడు. ఎనిమిది గోల్స్ ఎక్కువ కొట్టి కూడా బూట్ పోగొట్టుకున్నాడు. కాబట్టి "లీగ్ బలహీనం" అనే తగ్గింపు ముందే వేసేశారు. వేశాక కూడా అతను పైనే ఉన్నాడు.

అతని హెడర్‌లో అంత ప్రత్యేకత ఏమిటి?

చాలామంది "1.88 మీటర్ల ఎత్తున్నాడు, ఎగిరి కొట్టేవాడు" అని వదిలేస్తారు. అంతకన్నా ఎత్తున్న స్ట్రైకర్లు బోలెడుమంది ఉన్నారు. ఎత్తు కాదు విషయం.

మా గ్రౌండ్ చివర వేపచెట్టు కొమ్మకు వలలో బంతి కట్టి వేలాడదీసి ఉంటుంది. కొత్తగా వచ్చిన ఏ కుర్రాణ్ని హెడర్ కొట్టమన్నా మొదట చేసేది ఒకటే: కళ్లు మూసుకుంటాడు, భుజాలు బిగించేస్తాడు, బంతి వచ్చి నడినెత్తికి తగులుతుంది. అంటే బంతే వాణ్ని కొడుతుంది, వాడు బంతిని కొట్టడు. జార్డెల్ గోల్స్ నెమ్మదిగా వేసి చూడండి. బంతి తగిలే క్షణంలో కళ్లు తెరిచే ఉంటాయి. మెడ ముందు వెనక్కి వెళ్లి, తర్వాత కొరడాలా ముందుకు వస్తుంది. నుదుటి మధ్యభాగం బంతి పైసగానికి తగులుతుంది, అందుకే బంతి నేలకు దిగి లేస్తుంది. గోల్‌కీపర్‌కు అన్నిటికన్నా కష్టమైన బంతి అదే.

దానికంటే ముఖ్యమైనది బంతి రాకముందు జరిగేది. వింగర్ (అంచున ఆడేవాడు) దగ్గరికి బంతి వెళ్లగానే డిఫెండర్ కళ్లు అటు తిరుగుతాయి. ఆ ఒక్క క్షణంలో జార్డెల్ డిఫెండర్ వీపు వెనక్కి, ఫార్ పోస్ట్ (అవతలి గోల్ స్తంభం) వైపు రెండడుగులు జారుకుంటాడు. పరుగు కాదు, నడకే. డిఫెండర్ మళ్లీ తల తిప్పి చూసేసరికి మనిషి ఉన్న చోట ఉండడు. క్రాస్ వింగర్ కాలిని వదిలాక అప్పుడు ముందుకు ఒక్క అంగ. అందరికన్నా ఆలస్యంగా కదిలి, అందరికన్నా ముందు చేరతాడు. ఇది ఎత్తుతో వచ్చేది కాదు. వింగర్ కాలును చదవాలి, దానికి బుర్ర ఖాళీగా, నెమ్మదిగా ఉండాలి.

ఈ నెమ్మది సంగతి తర్వాత చెబుతాను.

2000లో ఇస్తాంబుల్‌లోని గలతసరాయ్‌కు వెళ్లాడు. ఆ టీము అప్పుడే యూఈఎఫ్ఏ కప్ (యూరప్ క్లబ్బుల రెండో పెద్ద కప్పు) గెలిచి ఊపు మీద ఉంది, హాజీ, పొపెస్కు లాంటి రొమేనియా దిగ్గజాలు ఉన్నారు. ఆగస్టు 25న మొనాకోలో సూపర్ కప్ (ఆ రెండు పెద్ద కప్పుల విజేతల మధ్య మ్యాచ్), ఎదురుగా రియల్ మాడ్రిడ్. 41వ నిమిషంలో పెనాల్టీతో జార్డెల్ మొదటి గోల్ కొట్టాడు. రౌల్ కూడా పెనాల్టీతోనే సమం చేశాడు. అప్పటి రూల్ ప్రకారం ఎక్స్‌ట్రా టైములో ఎవరు ముందు కొడితే వాళ్లదే కప్పు. 103వ నిమిషంలో జార్డెల్ కొట్టాడు. ఆట అక్కడికక్కడే ఆగిపోయింది. టర్కీ క్లబ్ చరిత్రలో అదొక పెద్ద రాత్రి. ఆ సీజన్ ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో మళ్లీ రియల్ మాడ్రిడే ఎదురైతే, 0-2 నుంచి లేచి ఇస్తాంబుల్‌లో 3-2తో గెలిచారు. మూడో గోల్ అతనిదే. లీగ్‌లో 24 మ్యాచ్‌లకు 22 గోల్స్. ఇది కూడా ఫ్లాప్ అని రాసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఒక్క ఏడాదికే తిరిగి పోర్చుగల్, ఈసారి లిస్బన్‌లోని స్పోర్టింగ్. 2001-02 సీజన్. మీరు చదివిన 42 గోల్స్ ఇక్కడివే, 30 మ్యాచ్‌లలో. పక్కన జొవావ్ పింటో ఆడేవాడు, అంచున పద్ధెనిమిదేళ్ల క్వారెస్మా కొత్తగా వచ్చాడు. స్పోర్టింగ్ లీగూ కప్పూ రెండూ గెలిచింది. రెండోసారి గోల్డెన్ బూట్, ఈసారి ఒకటిన్నర పాయింట్ల లెక్కలో కూడా 63 వచ్చి గెలిచాడు. ఆ తర్వాత స్పోర్టింగ్ మళ్లీ లీగ్ గెలవడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది.

అప్పటికి అతనికి 28 ఏళ్లు. స్ట్రైకర్‌కు నిండు వయసు.

ఇప్పుడు ఆ గీత. 2002 వేసవి.

ఆ ఏడాది వరల్డ్ కప్‌కు బ్రెజిల్ కోచ్ ఎవరో కాదు, స్కొలారి. గ్రేమియోలో జార్డెల్‌ను నిలబెట్టిన మనిషి. టీము ప్రకటించాడు, 42 గోల్స్ కొట్టిన జార్డెల్ అందులో లేడు. ఆట పరంగా చూస్తే స్కొలారిని తప్పుపట్టలేను. రొనాల్డో, రివాల్డో, రొనాల్డినో ముగ్గురూ బంతి కాలి దగ్గర పెట్టుకుని ఆడేవాళ్లు. జార్డెల్‌ను పెడితే ఆట మొత్తం మార్చాలి. బ్రెజిల్ ఆ కప్పు గెలిచింది కూడా. కానీ జార్డెల్ వైపు నుంచి చూడండి. ఇంకేం చేస్తే తీసుకుంటారు? 42 కన్నా ఎక్కువ కొట్టాలా? దేశానికి అతను మొత్తం ఆడింది పదే మ్యాచ్‌లు.

అదే సమయంలో కాపురం విచ్ఛిన్నమైంది. డిప్రెషన్‌లోకి వెళ్లాడు. కొకెయిన్ తీసుకున్నానని 2008లో బ్రెజిల్ టీవీలో తానే నోరు విప్పి చెప్పాడు. మరుసటి సీజన్ స్పోర్టింగ్‌లో కొన్ని గోల్స్ కొట్టాడు, కానీ చాలా రోజులు మైదానానికే దూరంగా ఉన్నాడు. మనిషి అప్పటికే వేరు.

2003లో ఇంగ్లాండ్‌లోని బోల్టన్ తీసుకుంది. బరువు పెరిగి వచ్చాడు. ప్రీమియర్ లీగ్‌లో ఏడు మ్యాచ్‌లు, సున్నా గోల్స్. మీరు చూసిన "ఘోరమైన ఫెయిల్యూర్ల జాబితా"లో పేరు ఎక్కింది దీనివల్లే.

ఇక్కడ నేను పైన అన్న మాట గుర్తుచేసుకోండి. పోర్టో, స్పోర్టింగ్, గలతసరాయ్ తమ లీగ్‌లలో పెద్ద టీములు. ఆట ఎక్కువసేపు ఎదుటివాళ్ల బాక్సు చుట్టూనే తిరుగుతుంది, తొంభై నిమిషాలూ అంచుల నుంచి క్రాస్‌లు పడుతూనే ఉంటాయి. బోల్టన్ అలాంటి టీము కాదు. వెనక నుంచి పొడుగు బంతి వేస్తారు. స్ట్రైకర్ గోల్‌కు వీపు పెట్టి, సెంటర్ బ్యాక్‌ను (మధ్యలో నిలబడే డిఫెండర్‌ను) మోచేతులతో ఆపి, బంతి దించి పక్కవాడికి ఇవ్వాలి. అక్కడ కెవిన్ డేవిస్ ఆ పని రాక్షసుడిలా చేసేవాడు. జార్డెల్‌కు ఆ పని ఫామ్‌లో ఉన్నప్పుడే రాదు, ఒళ్లు బరువెక్కి మనసు చెదిరినప్పుడు ఎలా వస్తుంది? ఎత్తుగా ఉన్నాడు, హెడర్లు కొడతాడు, కాబట్టి పొడుగు బంతుల టీముకు సరిపోతాడు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తలతో గోల్ కొట్టడం వేరు, తలతో బంతి దించడం వేరు. కోచ్‌లు కూడా ఈ రెండూ కలిపేస్తుంటారు. నా దగ్గరికి వచ్చే పొడుగు కుర్రాళ్లలో సగం మందిని ఎవరో ఒకరు అప్పటికే ఇలా తప్పు పనిలో పెట్టి ఉంటారు.

ఆ తర్వాతి జాబితా త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో ఆట తక్కువ. 2004లో ఇటలీలోని అంకోనాకు లోన్ మీద వెళ్లాడు, ఆ టీము సీజనంతా కలిపి 13 పాయింట్లే తెచ్చుకుని అట్టడుగున దిగిపోయింది. అక్కడి నుంచి అర్జెంటీనాలో న్యూవెల్స్ ఓల్డ్ బాయ్స్, బ్రెజిల్‌లో గోయాస్, పోర్చుగల్‌లో బెయిరా-మార్, సైప్రస్‌లో అనోర్థోసిస్. 2007-08లో ఆస్ట్రేలియా వెళ్లి న్యూకాజిల్ జెట్స్‌కు ఆడాడు. ఆ సీజన్ జెట్స్ ఛాంపియన్ అయింది, జార్డెల్ ఖాతాలో మాత్రం ఒక్క గోల్ కూడా లేదు. తిరిగి బ్రెజిల్‌లో క్రిసియూమా, తను మొదలుపెట్టిన ఫెరొవియారియో, ఇంకొన్ని చిన్న క్లబ్బులు, మధ్యలో బల్గేరియాలో చెర్నో మోరె. ఆట మానేశాక రాజకీయాల్లోకి వెళ్లి 2014లో రియో గ్రాండె దో సుల్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు, 2016 చివర్లో ఆ పదవీ పోయింది.

ఇక నెమ్మది గురించి. నా దగ్గర ఒక సెంటర్ ఫార్వర్డ్ ఉండేవాడు. పంతొమ్మిదేళ్లు, హెడర్లలో మంచి చెయ్యి తిరిగినవాడు. ఇంట్లో తండ్రి పోయారు. నెల తర్వాత గ్రౌండ్‌కు వచ్చాడు. పరుగు అదే, ఎగరడం అదే, బరువు కూడా పెరగలేదు. కానీ ప్రతి క్రాస్‌కూ అర సెకను ఆలస్యం. మొదట నాకూ అర్థం కాలేదు. తర్వాత బంతిని వదిలేసి వాడి కళ్లనే చూస్తూ నిలబడ్డాను. అంతకుముందు వింగర్ కాలు చూసేవాడు, ఇప్పుడు బంతి గాల్లోకి లేచాక చూస్తున్నాడు. అంతే తేడా. ఆ అర సెకనులో డిఫెండర్ వచ్చేస్తాడు. అదే సమయంలో వేరే రాష్ట్రంలోని ఒక క్లబ్ పిలిచింది, "చోటు మారితే బాగుపడతాడు" అని ఇంట్లోవాళ్లు అన్నారు. నేను వద్దన్నాను. తెలిసిన వింగర్లు, తెలిసిన గ్రౌండ్, సాయంత్రం పలకరించే మనుషులు ఉన్నచోటే ఉంచాం. ఏడెనిమిది నెలలు పట్టింది. జార్డెల్ విషయంలో ప్రతి ఆరు నెలలకూ కొత్త భాష, కొత్త వింగర్లు, కొత్త ఊరు. వింగర్ కాలు చదవడమే పనిగా బతికినవాడికి ప్రతిసారీ చదవాల్సిన కాలు మారిపోయింది.

అలాగని క్లబ్బులు మారడమే తప్పని అనను. మన దేశంలో ఫుట్‌బాల్ చూసేవాళ్లకు జోసె రమిరెజ్ బారెటో గుర్తుంటాడు. అతనూ బ్రెజిల్ నుంచి వచ్చినవాడే. 1999లో మోహన్ బగాన్‌కు వచ్చి, మధ్యలో మలేసియా, ముంబైలో మహీంద్రా యునైటెడ్ తిరిగి, మళ్లీ మోహన్ బగాన్‌కే చేరాడు. వెళ్లిన ప్రతిచోటా ఆట తీసుకెళ్లాడు. పోర్టో నుంచి ఇస్తాంబుల్‌కు, అక్కడి నుంచి లిస్బన్‌కు వెళ్లినప్పుడు జార్డెల్ చేసింది కూడా అదే.

ఒక్క హెచ్చరిక. మొత్తం నేరం డ్రగ్స్ మీదో, భార్యాభర్తల గొడవ మీదో వేసి ముగించేవాళ్లు ఉంటారు. ఏది ఎంత అని బయటి నుంచి తూకం వేయడం మనకు సాధ్యం కాదు. మైదానంలో కనిపించినంత వరకే నేను చెప్పగలను.

బోల్టన్ రోజుల్లో కూడా గోల్ వాసన పూర్తిగా పోలేదనడానికి ఒక సాక్ష్యం ఉంది. 2003 డిసెంబరులో లీగ్ కప్ మ్యాచ్, లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్. బోల్టన్ 3-2తో గెలిచింది. నాలుగో నిమిషంలోనే మొదటి గోల్ కొట్టింది జార్డెల్. జాబితాలు రాసేవాళ్లు లీగ్‌లోని సున్నానే రాస్తారు, దీన్ని రాయరు.

మీకు నిజంగా అతని ఆట చూడాలని ఉంటే గోల్స్ కలిపిన వీడియోలతో ఆపకండి, వాటిలో బంతి తగిలే క్షణమే ఉంటుంది. 2001-02 స్పోర్టింగ్ మ్యాచ్ ఏదైనా ఒకటి మొత్తం పట్టుకోండి. వింగర్‌కు బంతి వెళ్లగానే ఆపేసి, జార్డెల్ ఎక్కడున్నాడో చూసుకోండి. తర్వాత రెండు సెకన్లు నడిపించి మళ్లీ ఆపండి. డిఫెండర్ తల ఎటు తిరిగి ఉందో, జార్డెల్ ఎన్ని అడుగులు జరిగాడో లెక్కపెట్టండి. నా కుర్రాళ్లతో నేను చేయించేది అదే. మొదటి రోజు వాళ్లకు జార్డెల్ కనిపించడు. మూడో రోజుకు డిఫెండర్ కన్నా ముందు వాళ్లే చెప్పేస్తారు, "సార్, ఇప్పుడు వెనక్కి జారాడు" అని.